ఒక కూపన్‌కి రెండు భోజనాలు: ఎక్కడ కారిందో పట్టుకోవడం ఎలా?

మాది చిన్న ప్రెస్. శుభలేఖలు, బిల్లు పుస్తకాలతో పాటు కార్తీక మాసం వస్తే వనభోజనాల కూపన్లు, వినాయక చవితికి అన్నదానం టోకెన్లు కొడుతుంటాం. కొట్టించుకున్నవాళ్ల నుంచి మర్నాడు వచ్చే ఫోన్ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "ఆరువందల కూపన్లే అమ్మాం అండీ, విస్తళ్లు మాత్రం ఆరువందల యాభై లేచాయి." ఆ వెంటనే, "వచ్చే ఏడు హోలోగ్రామ్ వేయించేద్దామా?"

హోలోగ్రామ్ సంగతి తర్వాత చూద్దాం. ఎక్కడ కారిందో తెలియకుండా మందు వేస్తే డబ్బు దండగ. అది తెలియాలంటే తిరిగొచ్చిన కూపన్లు చేతిలో ఉండాలి. చాలామంది వాటిని ఆ రాత్రే ఎంగిలి విస్తళ్లతో కలిపి పారేస్తారు. దయచేసి లెక్క తేలేదాకా ఉంచండి.

సమస్య: అమ్మినవాటి కన్నా భోజనాలు ఎక్కువ

ముందు విస్తళ్ల లెక్కే సరిచూసుకోండి. మాకు తెలిసిన ఒక సంఘం వాళ్లు వారం రోజులు దొంగ కోసం వెతికారు. ఆకులు పల్చగా ఉన్నాయని వడ్డించే కుర్రాళ్లు కొందరికి రెండేసి వేశారని చివరికి తేలింది.

అది కాదనుకుంటే, తిరిగొచ్చిన కూపన్లను నంబరు వరసలో పేర్చండి. ఒకే నంబరు రెండుసార్లు కనిపిస్తే ఎవరో కాపీ తీశారు. (లేదా మా నంబరింగ్ మెషీన్‌లో చక్రం ఇరుక్కుని ఒకే నంబరు రెండుసార్లు పడి ఉండొచ్చు. రెండూ అసలు కాగితమే అయితే మమ్మల్నే తిట్టండి.) మీరు అమ్మని నంబర్లు కనిపిస్తే, మిగిలిపోయిన పుస్తకం ఎవరి చేతికో వెళ్లింది. నంబర్లన్నీ ఒక్కోటి ఒక్కసారే ఉండి, అయినా భోజనాలు ఎక్కువ లేస్తే రెండే దారులు: పెట్టెలో పడిన కూపన్ మళ్లీ బయటికొచ్చి తర్వాతి బంతిలో కూర్చుంది, లేదా కూపన్ లేనివాళ్లు కూర్చున్నారు. రెండో దానికి ఏ ప్రెస్ దగ్గరా మందు లేదు, గేటు దగ్గర గట్టి మనిషి ఉండాలి.

సమస్య: ముద్ర వేసిన కూపనే మళ్లీ వచ్చింది

దీనికి కారణం చాలాసార్లు మెరిసే ఆర్ట్ పేపర్. చూడ్డానికి బాగుంటుందని అడిగి మరీ కొట్టించుకుంటారు. దాని పైపూత సిరాను లోపలికి పీల్చుకోనివ్వదు. స్టాంపు ప్యాడ్ సిరా పైనే తేలి ఉంటుంది, తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. లామినేషన్ చేయిస్తే మరీ సులువు. బాల్ పెన్నుతో టిక్ పెట్టినా స్పిరిట్ చుక్కతో చెరిపేయొచ్చు.

ఈ తిప్పలు కొత్తవేమీ కావు. 1840లో బ్రిటన్‌లో మొట్టమొదటి తపాలా బిళ్ల వచ్చింది, నల్లది. వాడేశారని తెలియడానికి దాని మీద ఎర్ర సిరాతో ముద్ర కొట్టేవారు. ఎరుపును కడిగేసి అదే బిళ్లను మళ్లీ అంటించడం మొదలైంది. దాంతో మరుసటి ఏడాదే బిళ్లను ఎరుపు చేసి, ముద్రను నలుపు చేశారు. ఈ ఏర్పాటులో మన కూపన్‌కి పనికొచ్చే కిటుకు ఉంది: అచ్చు లేత రంగులో ఉండాలి, రద్దు చేసే సిరా ముదురుగా ఉండాలి, కాగితం దాన్ని తాగేయాలి. మ్యాప్‌లిథో అనే పూత లేని మామూలు కాగితం చాలు, ఖర్చు కూడా తక్కువ.

ఇంకా గట్టి దారి కావాలంటే సిరా జోలికే పోకండి. సిరా వేస్తే ఎవరో ఒకరు తీసే దారి వెతుకుతారు. తీసేసిన కాగితాన్ని మాత్రం తిరిగి పెట్టడం కష్టం. 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం 30వ సెక్షన్‌లో ఇదే ఉంది: స్టాంపు మీద ఉన్న తల బొమ్మను పంచ్‌తో తొలగించాలి, విలువ అంకెను ముట్టకూడదు, తొలగించిన ముక్కను కాల్చేయాలి లేదా నాశనం చేయాలి. ఎంత ముందుచూపు! విలువ అలాగే ఉంటుంది కాబట్టి తర్వాత లెక్క చూసుకోవచ్చు, తల ఉండదు కాబట్టి మళ్లీ వాడలేరు. మా ప్రెస్‌లో అక్షరాలు పేర్చే పాత కంపోజిటర్ ఒకాయన దీన్ని "కూపన్ ముక్కు కోయడం" అనేవాడు. శూర్పణఖకు కోసినట్టు కోస్తే ఇక ఏ వేషం వేసినా లాభం లేదనేవాడు.

కూపన్ మధ్యలో పెద్ద బొమ్మ వేయించి, దాని మీద పంచ్ కొట్టండి. నంబరు మీద మాత్రం కొట్టకండి, లెక్క పోతుంది. ఆఫీసులో వాడే గుండ్రటి రంధ్రం పంచ్ అందరి దగ్గరా ఉంటుంది, దాని రంధ్రం ఎవరైనా పెట్టుకురాగలరు. కానీ ఇక్కడ రంధ్రం ఉంటే వాడేసినట్టు కదా, కాబట్టి ఆ భయం లేదు. రంధ్రం ఉంటే చెల్లుతుంది అనే పద్ధతి పెట్టుకున్నవాళ్లే ఇరుక్కుంటారు.

సమస్య: చించిన కూపన్‌ని అతికించి తెచ్చారు

పర్ఫరేషన్ గీత (సన్న రంధ్రాల వరస) మీద చక్కగా చిరిగితే సెల్లోటేపుతో చక్కగా అతుకుతుంది. పర్ఫరేషన్ ఉన్నది పుస్తకంలోంచి కూపన్ విడదీయడానికి, దాన్ని రద్దు చేయడానికి కాదు. రద్దు చేసేటప్పుడు చేత్తో అడ్డదిడ్డంగా చించి, పెద్ద ముక్క మీరే ఉంచుకోండి.

అసలు మనిషి చేతిలో ఏమీ మిగలకపోవడమే మేలు. లక్కీ డ్రా కోసం ఒక ముక్క వాళ్లకు ఇవ్వాల్సి వస్తే అది భోజనం ముక్కలా కనిపించకూడదు. వేరే ఆకారం, వేరే రంగు, దాని మీద పెద్దక్షరాలతో "డ్రా కోసం మాత్రమే". మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకలితో నూటయాభై మంది తోసుకుంటుంటే కౌంటర్‌లో కుర్రాడు చిన్నక్షరాలు చదవడు. రంగు మాత్రమే చూస్తాడు.

సమస్య: కలర్ జెరాక్స్ కాపీలు

తెల్ల కాగితం మీద రంగుల అచ్చు వేయిస్తే జెరాక్స్ షాపుకు పని ఇచ్చినట్టే. చవకైన మందులతో మొదలుపెట్టండి. రంగు కాగితమే వాడండి. ఏ రంగో పదిమందికీ ముందే చెప్పకండి. నంబరు నంబరింగ్ మెషీన్‌తోనే కొట్టించండి, కంప్యూటర్ ప్రింట్ వద్దు. మెషీన్ అంకెలు కాగితాన్ని నొక్కుతాయి. వెనక్కి తిప్పి వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది. జెరాక్స్ కాపీకి ఆ గరుకు రాదు. పది నిమిషాలు నేర్పిస్తే ఎవరైనా పట్టేస్తారు, చీకట్లో కూడా.

మీ చెక్కు బుక్కు తీసి వెలుతురుకు పట్టుకోండి, సీటీఎస్ ఇండియా (బ్యాంకుల చెక్కు క్లియరింగ్ పద్ధతి పేరు) అనే నీటిగుర్తు కనిపిస్తుంది. అదే చెక్కును కలర్ జెరాక్స్ తీస్తే అసలులో దాగున్న "వాయిడ్" లేదా "కాపీ" అనే మాట బయటపడేలా అచ్చు వేస్తారు. సన్న చుక్కలు, ముతక చుక్కలు కంటికి ఒకే రంగులా కనిపించినా జెరాక్స్ మెషీన్‌కి వేర్వేరుగా అందుతాయి, అదే రహస్యం. కూపన్ల మీదా వేయొచ్చు కానీ చుక్కల లెక్క కాస్త తప్పితే అసలు కూపన్ మీదే ఆ మాట కనిపిస్తుంది, లేదా కాపీలో కూడా కనిపించదు. వేయించేముందు నాలుగు షాపుల్లో జెరాక్స్ తీయించి చూడండి.

యూవీ లైటు (అతినీలలోహిత కాంతి) వేస్తేనే కనిపించే యూవీ సిరా గురించి అడుగుతుంటారు. రెండు చిక్కులు. మామూలు తెల్ల కాగితంలో తెల్లదనం కోసం కలిపే పదార్థమే యూవీ లైటు కింద నీలంగా వెలుగుతుంది, ఆ వెలుగులో మీ గుర్తు మునిగిపోతుంది. రెండోది, మామిడితోటలో మిట్టమధ్యాహ్నం యూవీ టార్చి వేస్తే ఏం కనిపిస్తుంది?

ఇక హోలోగ్రామ్. కాపీలో అది మెరవదు, మసకగా వస్తుంది, అంతవరకు మంచిదే. కానీ బజారులో రెడీమేడ్ స్టిక్కర్ల షీట్ కొని అంటిస్తే అదే షీట్ పక్కవాడూ కొంటాడు.

సమస్య: అంకె మార్చేశారు

50 పక్కన ఒక సున్నా చాలు. అందుకే మన పెద్దవాళ్లు 50/- అని గీత గీసి, "యాభై రూపాయలు మాత్రమే" అని అక్షరాల్లో రాసేవారు. చేత్తో రాసే కూపన్ అయితే పిగ్మెంట్ సిరా ఉన్న జెల్ పెన్ను వాడండి, కాగితంలోకి దిగుతుంది. ఇంకా మేలు, చేత్తో రాసే పనే లేకుండా విలువకో రంగు, విలువకో సైజు పెట్టేయడం.

సమస్య: క్యూఆర్ పెట్టాం, అయినా రెండుసార్లు వాడారు

క్యూఆర్ అంటే గళ్లలో రాసిన నంబరు, అంతే. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే అదీ స్కాన్ అవుతుంది. దాన్ని ఒకసారే చెల్లేలా చేసేది మీ ఫోన్‌లోని జాబితా. రెండు కౌంటర్లలో రెండు ఫోన్లు పెట్టి, నెట్ పోతే, ఆ రెండు జాబితాలకు ఒకదానితో ఒకటి మాట ఉండదు. ఒకే కూపన్ రెండు చోట్లా పచ్చగా వెలుగుతుంది.

ఊరి బయట సిగ్నల్‌ని నమ్ముకోకండి. 1 నుంచి 300 ఒక కౌంటర్‌కి, 301 నుంచి 600 ఇంకో కౌంటర్‌కి కేటాయించి, కౌంటర్ అక్షరాన్ని కూపన్ మీదే పెద్దగా అచ్చు వేయించండి. అప్పుడు నెట్ లేకపోయినా ఏ కూపన్‌కైనా ఒకే జాబితా ఉంటుంది. ఫోన్ కూడా అక్కర్లేదు, 300 అంకెలు అచ్చువేసిన కాగితం మీద కొట్టేసుకుంటూ పోవచ్చు.

కోడ్ వేయిస్తే వరస నంబరు కాకుండా అడ్డదిడ్డంగా ఉండాలి. ఒకదానిలా ఒకటి కనిపించే అక్షరాలు, అంకెలు తీసేసి 30 గుర్తుల్లోంచి 6 స్థానాలు నింపితే 72 కోట్ల 90 లక్షల కోడ్లు వస్తాయి. మీవి 600 అయితే ఊహించి చెప్పిన కోడ్ తగిలే అవకాశం సుమారు పన్నెండు లక్షల్లో ఒకటి.

సమస్య: నిరుటి కూపన్ ఈ ఏడు వచ్చింది

డిజైన్ మార్చడానికి బద్ధకం. పాత ఫైల్‌లో తేదీ ఒక్కటే మార్చమంటారు, అదీ మూల ఉన్న చిన్నక్షరాల్లో. కాగితం రంగు మార్చండి, సంవత్సరం బొటనవేలంత అంకెల్లో వేయండి. మిగిలిన పుస్తకాలు బీరువాలో దాచుకోకండి.

సమస్య: కాగితంలో తప్పు లేదు, అయినా పోయింది

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ రిజిస్టర్ చాలావరకు పట్టిస్తుంది. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఎవరికి ఇచ్చారో రాసి సంతకం తీసుకోండి. అమ్మేవాళ్లు, తీసుకునేవాళ్లు వేర్వేరు మనుషులు కావాలి. పెట్టెకు తాళం ఉండాలి, కూపన్ పంచ్ కొట్టాకే పెట్టెలో పడాలి. ప్రెస్ నుంచి పుస్తకాలు తీసుకునేటప్పుడు చెడిపోయిన షీట్లు కూడా అడిగి పట్టుకెళ్లండి. మా చెత్తబుట్టలో పడ్డవి కూడా కూపన్లే.

సమస్య: నిజంగానే పోగొట్టుకున్నానంటున్నారు

అమ్మేటప్పుడు కౌంటర్ ఫాయిల్ మీద పేరు రాసుంటే ఇది సమస్యే కాదు. నంబరు వెతికి, జాబితాలో కొట్టేసి, వేరే రంగు డూప్లికేట్ ఇచ్చేయండి. తర్వాత ఆ పాత నంబరుతో ఎవరొచ్చినా పక్కన నిలబెట్టండి. పేరు రాసి ఉండకపోతే? కొంగు చివర, సంచీలో, కళ్లజోడు డబ్బాలో వెతుక్కుంటూ ఎండలో నిలబడ్డ పెద్దావిడతో నంబరు గురించి వాదించకండి. రిజిస్టర్‌లో "కూపన్ లేకుండా: 1" అని రాసి, ఆవిణ్ని బంతిలో కూర్చోబెట్టండి.