మిద్దె మీది పూలకుండీలకు వేరుశనగ పొట్టు

ఫాల్గుణం దాటేసరికి తిరుపతి ఎండకు మిద్దె మీది కుండీలు పొద్దున నీళ్లు పోసినా సాయంత్రానికి ఎండిపోయి, మల్లె మొగ్గలు విచ్చకుండానే రాలిపోతుంటాయి. మన జిల్లాలో చౌకగా దొరికే వేరుశనగ పొట్టును, అంటే కాయల పైపెంకును, కుండీ మట్టి మీద పరిస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

పొట్టును రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెట్టి, వడకట్టి, మట్టిని బాగా తడిపిన తరువాత పన్నెండు అంగుళాల కుండీకి రెండు అంగుళాల మందాన పరచాలి. కాండం చుట్టూ రెండు అంగుళాల మేర ఖాళీ వదలకపోతే మొదలు కుళ్లే ప్రమాదం ఉంది. పొడి పొట్టు తేలికగా ఉండి గాలికి ఎగిరిపోతుంది కాబట్టే ఈ నానబెట్టడం. కుండీని రెండు ఇటుకల మీద ఉంచితే గచ్చు వేడి వేళ్లకు తగలదు. ఆపైన రోజూ అలవాటుగా నీళ్లు పోయకుండా, పొట్టు పక్కకు జరిపి వేలు ఒక కణుపు లోతు గుచ్చి చూసి, తడి తగలనప్పుడే పోయాలి. మందారానికి, కనకాంబరానికి కూడా ఇదే పద్ధతి.

ఉప్పు వేసి ఉడికించిన కాయల పొట్టు మాత్రం వాడకూడదు. అడుగు రంధ్రం పూడిపోయిన కుండీలోనూ, ఎడతెగని వానల్లోనూ మామూలు పొట్టు కూడా మేలుకన్నా కీడే చేస్తుంది కనుక అప్పుడు తీసివేయాలి. చెదలు కనిపించినా అంతే.