అమెరికాలో గర్భనిరోధక హక్కును కాపాడుకోవడానికి ఏం చేయాలి

అమెరికా రాజ్యాంగంలో గర్భనిరోధకాల ప్రస్తావన ఎక్కడా లేదు. ఈ హక్కు కోర్టు తీర్పుల మీద నిలబడి ఉంది. 1961లో న్యూ హేవెన్‌లో దంపతుల కోసం కుటుంబ నియంత్రణ క్లినిక్ తెరిచినందుకు ఎస్టెల్ గ్రిస్‌వోల్డ్‌ను, డాక్టర్ లీ బక్స్‌టన్‌ను అరెస్టు చేసి, చెరి 100 డాలర్ల జరిమానా వేశారు. వారి అప్పీలు మీదే 1965లో సుప్రీంకోర్టు కనెక్టికట్ నిషేధాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు దంపతులకు మాత్రమే వర్తించింది. పెళ్లికాని వారికి అదే హక్కు దక్కడానికి 1972 దాకా ఆగవలసి వచ్చింది. గర్భస్రావ హక్కును తీసివేసిన 2022 నాటి డాబ్స్ తీర్పు గర్భనిరోధకాల జోలికి వెళ్లడం లేదని చెప్పినా, జస్టిస్ క్లారెన్స్ థామస్ తన విడి అభిప్రాయంలో 1965 నాటి ఈ గ్రిస్‌వోల్డ్ తీర్పును కూడా పునఃపరిశీలించాలని రాశారు. ఈ హక్కును దేశమంతటికీ చట్టంగా మార్చే బిల్లును 2022 జులైలో ప్రతినిధుల సభ ఆమోదించింది గాని, 2024 జూన్‌లో అలాంటి బిల్లునే సెనేట్‌లో చర్చకు తేవడానికి కావలసిన 60 ఓట్లకు 51 మాత్రమే వచ్చాయి. కాబట్టి మీరు చేయగలిగిన పని చాలావరకు మీ రాష్ట్ర చట్టసభ దగ్గరే ఉంది.

మొదటగా మీ రాష్ట్ర చట్టసభ వెబ్‌సైట్‌లో ఈ విషయానికి సంబంధించిన బిల్లులను వెతకండి. దొరికిన బిల్లులో పేరును, పీఠికను పక్కన పెట్టి, ముందుగా నిర్వచనాల భాగాన్ని చదవండి. మాత్రలను నిషేధిస్తున్నామని ఏ బిల్లూ బాహాటంగా చెప్పకపోవచ్చు. కానీ ‘ఫలదీకరణ జరిగిన క్షణం నుంచి’ అన్న నాలుగు మాటలతో గర్భాన్ని గాని, వ్యక్తిని గాని నిర్వచిస్తే, లూప్‌ను, అత్యవసర గర్భనిరోధక మాత్రను గర్భస్రావ సాధనాలుగా వాదించడానికి దారి దొరుకుతుంది. ఫలదీకరణ చెందిన అండం గర్భాశయంలో అంటుకున్న తర్వాతే గర్భం మొదలవుతుందన్నది వైద్య సంఘాలు పాటించే నిర్వచనం. ప్లాన్ బి వంటి అత్యవసర మాత్రల్లో ఉండే లెవోనార్‌జెస్ట్రెల్ అనే మందు అండం విడుదలను ఆపడం లేదా ఆలస్యం చేయడం ద్వారా పనిచేస్తుంది. అప్పటికే వచ్చిన గర్భాన్ని అది తొలగించదు. ప్లాన్ బి మాత్రతో ఇచ్చే సమాచార పత్రంలో కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 డిసెంబరులో ఈ మేరకు మార్పు చేసింది. నిర్వచనంలోని ఒక్క మాట మార్చాలని అడగడం చిన్న కోరికలా కనిపించినా, బిల్లు మొత్తాన్ని వ్యతిరేకిస్తున్నామని చెప్పడం కంటే అదే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ మాట అక్కడ ఎందుకు ఉందో శాసనసభ్యులే సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

శాసనసభ్యుల కార్యాలయానికి ఫోన్ చేసినప్పుడు మీ పేరు, జిప్ కోడ్, బిల్లు సంఖ్య, మీరు కోరుతున్నది, ఈ నాలుగూ అర నిమిషంలో చెప్పండి. ‘ఫలానా బిల్లు రెండో సెక్షన్‌లోని నిర్వచనం నుంచి గర్భనిరోధకాలను స్పష్టంగా మినహాయించాలని కోరుతున్నాను’ అంటే చాలు. ఫోన్ తీసిన సిబ్బంది దానిని ఉన్నదున్నట్లు రాసుకోగలరు. కమిటీ విచారణలో మాట్లాడే అవకాశం ఉంటే తప్పక పేరు నమోదు చేసుకోండి. సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు కాబట్టి ఒక్క విషయానికే కట్టుబడండి. తీవ్రమైన రక్తస్రావానికో ఎండోమెట్రియోసిస్‌కో (గర్భాశయ లోపొర వంటి కణజాలం బయట పెరిగే జబ్బు) గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారు, తమకు అభ్యంతరం లేకపోతే, ఆ సంగతి చెప్పడం ఎంతో విలువైనది. అయితే ఇతరుల ఆరోగ్య విషయాలను వారి అనుమతి లేకుండా ఎప్పుడూ ప్రస్తావించకండి, ఎందుకంటే అక్కడ చెప్పినదంతా బహిరంగ రికార్డులోకి వెళుతుంది.

మన తెలుగువారిలో చాలామంది హెచ్-1బి వీసాపైనో గ్రీన్ కార్డుపైనో ఉన్నారు కాబట్టి ఈ మాట విడిగా చెప్పాలి. పౌరసత్వం లేకున్నా ప్రజాప్రతినిధులకు లేఖ రాయడానికి, విచారణలో అభిప్రాయం చెప్పడానికి అడ్డు లేదు. ఓటరుగా నమోదు కావడం మాత్రం, పొరపాటున అయినా, దేశం నుంచి పంపివేసే దాకా తీసుకువెళ్లగలదు. గ్రీన్ కార్డు లేనివారు ఎన్నికల ప్రచారాలకు విరాళం ఇవ్వడం కూడా నిషిద్ధం.

ఉన్న హక్కును వాడుకోవడం కూడా దానిని కాపాడడంలో భాగమే. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం కింద చాలా ప్లాన్లు ఎఫ్‌డీఏ ఆమోదించిన ప్రతి రకం గర్భనిరోధక పద్ధతిలోనూ కనీసం ఒకదానికి మీ చేతి ఖర్చు లేకుండా చెల్లించాలి. మత కారణాలతో కొందరు యజమానులకు మినహాయింపు ఉంది. డాక్టర్ చీటీ లేకుండా దొరికే రోజువారీ మాత్ర ఓపిల్‌కు 2023లో అనుమతి వచ్చింది. అందువల్ల అపాయింట్‌మెంట్ దొరకనివారికి ఒక దారి ఏర్పడింది.

బీమా సంస్థ చెల్లించనంటే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. మీకు ఫలానా మాత్ర లేదా సాధనమే వైద్యపరంగా అవసరమని డాక్టర్ చేత లేఖ రాయించి జతచేయండి, ఎందుకంటే అలాంటి మినహాయింపు కోరే వీలు ప్లాన్‌లో ఉండి తీరాలి. నిరాకరణ నోటీసు అందిన 180 రోజుల్లోగా సంస్థలోనే అప్పీలు చేయవచ్చు. అదీ తిరస్కరిస్తే, ఆ నోటీసు అందిన 4 నెలల్లోగా, సంస్థతో సంబంధం లేని సమీక్షకుల చేత బయటి సమీక్ష కోరవచ్చు. వైద్య నిర్ణయానికి సంబంధించిన తిరస్కరణ అయితే, సమీక్షకుల తీర్పు మీ పక్షాన వచ్చినప్పుడు సంస్థ దానిని పాటించక తప్పదు. ప్రైవేటు యజమాని సొంత నిధులతో నడిపే ప్లాన్ అయితే రాష్ట్ర బీమా శాఖకు కాకుండా కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేయాలి. మీది ఏ రకమో కంపెనీ హెచ్‌ఆర్ విభాగం చెబుతుంది.