పిన్నింగ్ డీబగ్ మొదలుపెట్టే ముందు మాస్క్ తిరిగి చదవండి

పిన్నింగ్ అంటే థ్రెడ్‌ని ఫలానా కోర్లకే కట్టేయడం, మాస్క్ అంటే ఆ కోర్ల జాబితా. గత వారం మా టెస్ట్ మెషీన్ ఒకటి బిగుసుకుపోయింది. లైనక్స్ షెడ్యూలర్ (ఏ థ్రెడ్ ఏ కోర్ మీద ఎప్పుడు నడవాలో తేల్చే కెర్నల్ భాగం) ప్యాచ్ పరీక్షిస్తూ, ఆగకుండా తిరిగే ఫిఫో థ్రెడ్‌ని (తనంతట తాను ఆగేదాకా మామూలు థ్రెడ్లకి వంతు ఇవ్వని రియల్‌టైమ్ థ్రెడ్) 3వ కోర్‌కి కట్టేద్దామని ఒకతను టాస్క్‌సెట్ అనే పిన్నింగ్ కమాండ్‌కి 3 అని ఇచ్చాడు, ఇచ్చేది కోర్ నంబరని చెప్పే మైనస్ సి మర్చిపోయాడు. అలా ఇస్తే 3 కోర్ నంబరు కాదు, బిట్ మాస్క్, బైనరీలో 11, అంటే 0, 1 కోర్లు. పైగా అలాంటి థ్రెడ్లు కోర్‌ని పూర్తిగా మింగేయకుండా చూసే రియల్‌టైమ్ థ్రాట్లింగ్ ఆపేసి ఉంది. థ్రెడ్ 0వ కోర్ మీద తిష్ఠ వేసింది, అక్కడి కెర్నల్ వర్కర్లకి వంతు రాలేదు, కాసేపటికి ఆర్‌సీయూ స్టాల్ (కోర్ చాలాసేపు ఇరుక్కుందన్న కెర్నల్ హెచ్చరిక) మెసేజీలు, తర్వాత లాగిన్ కూడా పోయింది. మేమేమో రెండు రోజులు థ్రెడ్లని కోర్ల మధ్య పంచే లోడ్ బ్యాలెన్సర్ కోడ్ తవ్వుతూ కూర్చున్నాం.

సీరియల్ కన్సోల్ పెట్టుకోండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. జనాన్ని ముంచేది ఒక్కటే: పిన్ చేసే సిస్టమ్ కాల్ 0 (అంటే సక్సెస్) తిరిగిచ్చింది కదా, పిన్ అయిపోయింది అనుకోవడం. 4 నుంచి 7 దాకా కోర్లు అడిగారు, సీపీయూసెట్‌లో (ఆ ప్రాసెస్ గ్రూపుకి అనుమతించిన కోర్లు) ఉన్నవి 4, 5 మాత్రమే అనుకోండి, కెర్నల్ నోరెత్తకుండా ఆ రెండే ఇచ్చి సక్సెస్ అంటుంది. అందుకే ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైల్ తెరిచి అలౌడ్ లిస్ట్ చూడండి. అదీ ప్రాసెస్‌కి కాదు, టాస్క్ డైరెక్టరీలోకి వెళ్లి ఒక్కో థ్రెడ్‌కీ. టాస్క్‌సెట్ మైనస్ పి ఆ ఒక్క థ్రెడ్‌నే కదుపుతుంది, అప్పటికే పుట్టిన వర్కర్ థ్రెడ్లు ఎక్కడివక్కడే తిరుగుతుంటాయి. అన్నీ కావాలంటే మైనస్ ఎ.

మాస్క్ సరిగ్గా ఉన్నా పని అయిపోలేదు. పిన్ చేస్తే మీ థ్రెడ్ బయటికి పోదు, అంతే. బయటివాళ్లు ఆ కోర్ మీదికి రాకూడదని ఎవరూ చెప్పలేదు, ఇంటరప్టులతో సహా. ఐసోల్ సీపీయూస్ అనే బూట్ ఆప్షన్‌తో వేరు చేసిన కోర్లైతే ఇంకో తంటా: వాటి మధ్య లోడ్ బ్యాలెన్సింగ్ జరగదు కాబట్టి, నాలుగు కోర్ల మాస్క్ ఇచ్చిన నాలుగు థ్రెడ్లూ ఒకే కోర్ మీద కుప్పపడి, మిగతా మూడూ ఖాళీగా ఉండొచ్చు. ఒక్కో థ్రెడ్‌కి ఒక్కో కోర్ ఇవ్వండి.

ఇక మిగతావి వరసగా. రన్‌క్యూ (కోర్ మీద వంతు కోసం చూసే థ్రెడ్ల క్యూ) లాక్ పట్టుకున్న చోట మామూలు ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో రాసే ఫంక్షన్) పెట్టకండి, డెడ్‌లాక్ అయ్యే ప్రమాదం ఉంది, ట్రేస్ బఫర్‌లో రాసే ట్రేస్ ప్రింట్‌కే వాడండి. థ్రెడ్ ఎక్కడ నడిచిందో ఊహించకండి, షెడ్ స్విచ్, షెడ్ మైగ్రేట్ టాస్క్ ట్రేస్‌లు (కోర్ మీద థ్రెడ్ మారడం, థ్రెడ్ కోర్ మారడం నమోదు చేసేవి) చూడండి. టాస్క్ స్ట్రక్చర్‌లో సీపీయూస్ మాస్క్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, మైగ్రేట్ డిజేబుల్‌లో (తాత్కాలికంగా కోర్ మారకుండా ఆపిన స్థితిలో) ఉన్న టాస్క్‌కి సీపీయూస్ పాయింటర్ వేరే ఒంటి కోర్ మాస్క్‌ని చూపిస్తుండొచ్చు. కోర్‌ని ఆఫ్‌లైన్ చేసి మళ్లీ తెచ్చారా? మాస్క్ తిరిగి చదవండి. కంటైనర్ లిమిట్ మార్చారా? మళ్లీ చదవండి. నిన్న చదివానంటారా, ఇవాళ చదవండి. థ్రాట్లింగ్ విలువని −1 చేసి (అంటే ఆపేసి) ఉంటే, మెషీన్ ఇంకొకరికి ఇచ్చే ముందు డిఫాల్ట్ అయిన 950000 కి తిప్పి పెట్టండి.