యూరియా ప్రయోగం: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

1828లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త వోలర్ అమ్మోనియం సయనేట్ నుంచి యూరియా తయారు చేశాడని డిగ్రీ పిల్లలందరూ చదువుతారు. కోనసీమలో ఆ యూరియాను బస్తాల కొద్దీ వరిచేలో చల్లే ఇళ్ల పిల్లలు దాన్ని తమ చేత్తో చేసి చూడాలని నాకు గట్టిగా ఉంటుంది. పొటాషియం సయనేట్ 8.1 గ్రాములు, అమ్మోనియం సల్ఫేట్ 6.6 గ్రాములు కొద్ది నీళ్లలో కరిగించి, వాటర్ బాత్ (వేడినీళ్ల గిన్నె) మీద పొడిగా అయ్యేదాకా ఇగరబెట్టి, మిగిలినదాంట్లోంచి యూరియాను వేడి ఆల్కహాల్‌తో లాగాలి. లెక్క ప్రకారం 6 గ్రాములు రావాలి. సీసా మీద ఉన్నది సయనేట్ అని రెండుసార్లు చదువుకోండి. సయనైడ్ ప్రాణాంతక విషం.

సమస్య: ఆల్కహాల్ చల్లారినా స్ఫటికాలు లేవు

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. యూరియా తయారై ఉంటుంది, ఆల్కహాలే ఎక్కువ పోసి ఉంటారు. గది వేడిలో 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్ దాదాపు 5 గ్రాముల యూరియాను తనలోనే ఉంచుకోగలదు. అంత పోస్తే మీ యూరియా మొత్తం అందులోనే ఉండిపోతుంది. 25 మిల్లీలీటర్ల దాకా ఇగరబెట్టి ఐసులో పెట్టండి, సూదుల్లాంటి స్ఫటికాలు దిగుతాయి. ఈసారి నుంచి 20 చొప్పున రెండుసార్లు పోస్తే చాలు. ఆల్కహాల్ దగ్గర మంట వద్దు, వేడినీళ్ల గిన్నెలోనే వేడి చేయండి.

సమస్య: ఇగరబెడుతుంటే అమ్మోనియా ఘాటు

మొదట్లో కొద్దిగా వాసన రావడం సహజం. వేడికి అమ్మోనియం సయనేట్ కొంత అమ్మోనియాగా, సయనిక్ ఆమ్లంగా విడిపోయి, ఆ రెండూ మళ్లీ కొత్త పద్ధతిలో కలిసి యూరియా అవుతాయి. పరమాణువులు అవే, అమరిక మారుతుంది. కానీ చివర్లో, గిన్నె పొడిగా అయ్యాక ఘాటు పెరిగిందంటే వేడి ఎక్కువైనట్టే. బర్నర్ నేరుగా పెట్టి ఉంటారు. యూరియా 133 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 150 దాటితే అమ్మోనియా వదిలి బైయూరెట్ అనే వేరే పదార్థం‌గా మారుతుంది.

చిటికెడు పొడిని నీళ్లలో కరిగించి, సోడియం హైడ్రాక్సైడ్, ఒక చుక్క పలచని మైలుతుత్తం కలపండి. ఊదా రంగు వస్తే బైయూరెట్ ఉన్నట్టు. ఆల్కహాల్‌లోంచి మళ్లీ స్ఫటికీకరణ చేస్తే కొంత తగ్గుతుందేమోగానీ, కొత్తగా మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఎరువుల యూరియాలో బైయూరెట్ 1.5 శాతం మించకూడదని మన దేశంలో నియమం ఉన్నది ఇందుకే: అది పైరు ఆకుల్ని మాడుస్తుంది.

సమస్య: ద్రవీభవన స్థానం చూస్తుంటే గొట్టంలో తెల్లపొడి మిగిలిపోయింది

అది పొటాషియం సల్ఫేట్. పొడి సరిగా ఆరకుండానే ఆల్కహాల్ పోశారు, లేదా నీళ్లున్న స్పిరిట్ వాడారు. నీళ్లు లేని అబ్సల్యూట్ ఆల్కహాల్‌తో మళ్లీ కరిగించి, వేడిగా ఉండగానే వడకట్టండి.

సమస్య: రాత్రి పొడిగా ఉన్న స్ఫటికాలు పొద్దున్నే తడిసి ముద్దయ్యాయి

డెల్టాలో వానాకాలం గాలే కారణం. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ సుమారు 73 శాతం దాటితే యూరియా నీళ్లను పీల్చుకుంటుంది. మూతి తెరిచిన ఎరువు బస్తా గడ్డకట్టేదీ ఇందుకే. వాచ్‌గ్లాస్ మీద వదిలేయకుండా తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న మూత పాత్ర, అంటే డెసికేటర్‌లో పెట్టండి. తడిసినదాన్ని 60 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టవచ్చు.

సమస్య: అన్నీ సరిగా చేసినా దిగుబడి సగమే

సయనేట్ సీసా చూడండి. ఉండకట్టి, మూత తీయగానే అమ్మోనియా వాసన వస్తే, తేమకు అది ఎప్పుడో పాడైంది. కొత్తది తెప్పించాలి. ద్రావణంలో ఎవరైనా ఆమ్లం పోశారేమో కూడా అడగండి. ఆమ్లంలో సయనేట్ విరిగి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది, దాన్ని తిరిగి రాబట్టే దారి లేదు.