పత్తి మందుల కాలంలో కుడితి తొట్టి జాగ్రత్త

పత్తికి రసం పీల్చే పురుగు పట్టిందంటే దసరా దాకా పంపు భుజం దిగదు. ఆ రోజుల్లో ఏ కొట్టంలోకి వెళ్లినా నా కళ్లు ముందు తవుడు బస్తా మీదికి పోతాయి. సగానికి కోసిన పురుగుమందు డబ్బా అందులో కొలపాత్రగా ఉంటుంది చాలా చోట్ల. బాగా కడిగామంటారు. ప్లాస్టిక్ పీల్చుకున్న మందు కడిగితే పోయేది కాదు. ఈసారి అన్నిటికంటే ముందు ఆ డబ్బాను తీసేయండి.

చొంగ కారుస్తూ, వణుకుతూ కూలబడిన పశువును చూస్తే ఎవరైనా పరుగెత్తుతారు. నాకు దిగులు రోజూ కాస్త కాస్త కడుపులోకి పోయే మందు గురించే. గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు మూత్రపిండాలకే వెళుతుంది. ఒంట్లో చేరిన విషం చాలావరకు అక్కడి సన్నని గొట్టాల గుండానే బయటికి పోవాలి. ఆ గొట్టాలు దెబ్బతింటున్నా గేదె పాలిస్తూనే ఉంటుంది. దాదాపు ముప్పాతిక వంతు పని పోయేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపాల్సిన వ్యర్థం) కూడా పెరగదు.

మందు కొట్టబోయే ముందు రోజే నాలుగు రోజుల గడ్డి కోసిపెట్టుకోండి. కొట్టాక ఆ చేను గట్టు మీది గడ్డి జోలికి పోవద్దు, జీవాలను అటు తోలవద్దు. పక్క చేను వాళ్లు ఎప్పుడు కొడుతున్నారో కూడా కనుక్కోండి, తుంపర్లకు సరిహద్దు రాళ్లు తెలియవు. వాన పడితే పల్లంలో నిలిచిన నీళ్లు తాగనివ్వకండి. పంపు కడగడం తొట్టికి దూరంగా.

గడ్డి మందుల్లో పారాక్వాట్ మరీ చెడ్డది. బయటికి పోవాల్సిన దారైన మూత్రపిండాలనే అది చెడగొడుతుంది, ఆపైన ఒంట్లో నిలిచి ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. విరుగుడు లేదు.

పిడుదులు పోతాయని పత్తి మందునే గేదె ఒంటికి పూస్తారు కొందరు. అది చర్మంలోంచి ఇంకుతుంది, పైగా గేదె తన ఒళ్లు తాను నాక్కుంటుంది, పక్కనున్న దూడా నాకుతుంది. పిడుదులకు పశువుల మందు వేరే ఉంది, డాక్టరు చెప్పిన కొలతలో కలపండి.

పశువు ఒంటి మీద మందు పడితే మీ చేతికి తొడుగు వేసుకుని సబ్బుతో, ధారాళంగా నీళ్లతో కడగండి. గొంతులో నూనె, మజ్జిగ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి దిగితే రెండో ప్రమాదం. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేసి, మందు డబ్బా దగ్గర పెట్టుకోండి. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులకు అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షను పనిచేస్తుంది, అన్నిటికీ కాదు. అందుకే డాక్టరు ముందు ఆ మందు పేరే అడుగుతారు.

పశువు లేచి మేత పట్టినా కొన్ని వారాలు మూత్రం గమనించండి. తగ్గినా, ముదురు రంగుకు మారినా, మామూలు కంటే ఎక్కువ నీళ్లు తాగి పలచగా పోస్తున్నా మళ్లీ చూపించాలి. డాక్టరు సరేననే దాకా ఆ పాలు కేంద్రంలో పోయవద్దు, దూడకూ వదలవద్దు.