సైన్సును ఇంటి మాటల్లో చెప్పడం – 4వ పాఠం: అంకెకు ఒక పాత్ర వెతకండి

పోయిన పాఠంలో ఒక పేరా ఇచ్చి, వినేవాళ్ళకు తెలియని మాటల కింద గీత గీయమన్నాను. ఈసారి అంకెల సంగతి. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ళనే ఉదాహరణగా తీసుకుందాం.

"తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు." వాక్యంలో తప్పేమీ లేదు. కానీ మిల్లీగ్రాము ఎంతో ఎవరి కళ్ళకూ కట్టదు. మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు మాత్రం చాలామందికి తెలుసు. ఆ ట్యాంకు నిండా నీళ్ళలో ఒకటిన్నర గ్రాములు, అంటే సుమారు రూపాయి బిళ్ళలో సగం బరువు. "అంతేనా!" అంటారు వినేవాళ్ళు. అక్కడ ఆగిపోతే ప్రమాదం, కొంచెమేగా ఏం కాదులే అనుకుంటారు. రెండో మాట వెంటనే రావాలి: ఈ నీళ్ళు ఒక్కరోజుతో అయిపోయేవి కావు, ఏళ్ళ తరబడి తాగేవి. ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్‌లో కొంత ఎముకల్లో చేరి పేరుకుంటుంది.

మొదటిసారి ఒక ఊళ్ళో దీని గురించి మాట్లాడినప్పుడు, గ్రానైట్ రాళ్ళలోంచి ఫ్లోరైడ్ బోరు నీళ్ళలోకి ఎలా దిగుతుందో పావుగంట చెప్పాను. అయ్యాక ఒక పెద్దావిడ అడిగింది: "మరగబెట్టుకుని తాగితే పోతదా బిడ్డా?" ఆమెకు కావలసిన జవాబు నా పావుగంటలో ఎక్కడా లేదు. అప్పటి నుంచి ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.

జవాబు ఇలా చెప్పొచ్చు: "పోదమ్మా. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరైపోదు. చారు ఎక్కువసేపు మరిగితే ఉప్పగా అవుతుంది కదా? నీళ్ళు తగ్గుతాయి, ఉప్పు అంతే ఉంటుంది. ఇదీ అంతే."

మంచి పోలికే. అయితే చారులో ఉప్పు ఎక్కువైతే నాలుకకు తెలుస్తుంది, నీళ్ళలో ఫ్లోరైడ్ తెలియదు. పోలిక ఎక్కడ కుదరదో కూడా మనమే చెప్పాలి. లేకపోతే "రుచి బాగానే ఉందిగా" అని తాగేస్తారు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుందన్న మాటకు సరైన చోటు ఇదే.

లేని ఆశ మాత్రం పెట్టకండి. ఫ్లోరైడ్ వల్ల వచ్చే పళ్ళ మీది మచ్చలు చిన్నప్పుడు, పళ్ళు తయారయ్యే వయసులో ఏర్పడతాయి. పెద్దయ్యాక నీళ్ళు మార్చినా పోవు. ఎదురుగా ఆ మచ్చలున్న మనిషి కూర్చుంటే ఇది చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్పాలి. పిల్లలకు ఇప్పుడే నీళ్ళు మార్చాలని వాళ్ళకు అనిపించేది అది విన్నాకే.

ఈ వారం పని: నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన "నల్గొండ టెక్నిక్"లో నీళ్ళకు పటిక, సున్నం కలుపుతారు. మడ్డి ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు తీసుకుంటారు. దీన్ని ఆరు వాక్యాల్లో రాసి, సైన్సు చదవని ఒకరికి వినిపించండి. కాగితం పక్కన పెట్టి, వాళ్ళనే తిరిగి చెప్పమనండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ మీ వాక్యం మార్చండి. మొదట రాసినదీ, మార్చి రాసినదీ రెండు కాగితాలూ దాచి ఉంచండి, వచ్చే పాఠానికి కావాలి.