సాక్షితో మాట్లాడటం – 4వ పాఠం: నోట రాని మాట

సాక్షి చెబుతుంటే అడ్డుపడకుండా వినడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి కష్టమైన చోటికి వద్దాం. ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదు వచ్చింది. నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చున్న ఉద్యోగి సాక్షి. ఆ ఫిర్యాదును విచారించే అంతర్గత కమిటీలో మీరూ ఒకరు.

విచారణకు అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు సభ్యులుండాలి. ముగ్గురూ తలో ప్రశ్న వేస్తే సాక్షికి టెన్షన్ పెరుగుతుంది. ఒకరే అడగండి, మిగతావాళ్లు రాసుకోండి.

"ఇది మన మధ్యే ఉంటుంది" అని మాత్రం హామీ ఇవ్వకండి. అది మీరు నిలబెట్టుకోలేని మాట. సాక్షుల వివరాలు జనానికి, మీడియాకు తెలియనివ్వకూడదని, పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి చెప్పండి. విచారణలో ఉన్న ఇరుపక్షాలకూ తన వాంగ్మూలం చేరవచ్చని కూడా ముందే చెప్పండి.

ఇప్పుడు సాక్షి అంటాడు: "ఆయన ఆవిడతో అదోలా మాట్లాడాడు మేడమ్."

"అంటే, బూతులు మాట్లాడాడా?" అని అడగాలనిపిస్తుంది. అడగకండి. సాక్షి "అవును" అంటే వాంగ్మూలంలోకి ఎక్కేది మీ మాటే. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు కొందరికి కారు ప్రమాదాల వీడియోలు చూపించి వేగం అడిగారు. కార్లు "గుద్దేసుకున్నప్పుడు" అని అడిగితే సగటున గంటకు 40.8 మైళ్లన్నారు, "తగిలినప్పుడు" అంటే 31.8. ప్రశ్నలో ఒక్క పదం మారితే జవాబు అంత మారింది.

ఇలా అడగండి: "అదోలా అంటే? మీ చెవిన పడింది పడ్డట్టు చెప్పండి." ఆయన తల దించుకుంటాడు. మీరూ ఊరుకోండి, ఆ నిశ్శబ్దాన్ని మాటలతో నింపొద్దు. అప్పటికీ నోరు రాకపోతే కాగితం, పెన్ను ముందుకు జరిపి రాయమనండి. ఆ మాట ఎంత పచ్చిగా ఉన్నా రికార్డులో అలాగే ఉండాలి. "అసభ్య పదజాలం వాడెను" అని మీరు సంస్కరించి రాస్తే ఫిర్యాదు చేసిన ఆవిడకు అన్యాయమే, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికీ అన్యాయమే.

తర్వాత, అది తను స్వయంగా విన్నాడా, ఎవరైనా చెప్పారా, అప్పుడు క్యాబ్‌లో పాటలు మోగుతున్నాయా అని అడగండి. ఆవిడ ఎలాంటి మనిషి, ఏం బట్టలేసుకుంది అన్న ప్రశ్నలు ఎవరు వేసినా అక్కడికక్కడే ఆపండి.

అభ్యాసం: "ఆయన చూపు బాగోలేదు" అని సాక్షి అన్నాడనుకోండి. జవాబును ముందే అందించని ప్రశ్నలు మూడు రాసి పెట్టుకోండి. 5వ పాఠం వాటితోనే మొదలుపెడదాం.